రంగు కింద నంబరు

మ్యూజియంలో గానీ, ఊరి కూడలిలో సిమెంటు దిమ్మ మీద గానీ పాత యుద్ధవిమానం కనబడితే మన చూపు ముందు తోక మీదికి పోతుంది. అక్కడ పెద్ద అక్షరాల్లో నంబరు ఉంటుంది. దాన్ని ఫొటో తీసుకుని, పక్కన బోర్డు చదివి, ఫలానా యుద్ధంలో ఎగిరిన విమానం ఇదేనని నమ్మి ఇంటికి వస్తాం. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ బేగంపేటలో విమానాల మరమ్మతు రికార్డులు రాసినవాణ్ని. ఆ అనుభవంతో చెబుతున్నాను. తోక మీద నంబరు పెయింటరు రాసింది. విమానం అసలు నంబరు లోపలెక్కడో ఉంటుంది, చిన్న అక్షరాల్లో, లోహం మీద కొట్టి. ఆ రెండూ ఒకే విమానాన్ని చూపేవి ఉన్నాయి. అలా చూపని విమానాలు మనం అనుకునే దానికంటే చాలా ఎక్కువ.

ఏ నంబరైతే ఏం, అన్నీ ఒకే రకం విమానాలే కదా అని చాలామంది అడుగుతారు. ఒకే రకం నిజమే, ఒకే జీవితం మాత్రం కాదు. ఒక నంబరు వెంట ఒక పైలట్ ఉంటాడు, దాన్ని రాత్రంతా కూర్చుని బాగుచేసిన ఫిట్టర్ ఉంటాడు, ఒక్కోసారి దానికి డబ్బు కట్టిన ఊరు కూడా ఉంటుంది. నంబరు తప్పితే వాళ్లందరూ తప్పిపోతారు. ఆ ఊళ్లలో మన హైదరాబాద్ కూడా ఉంది కాబట్టే ఈ వ్యాసం రాస్తున్నాను.

గుర్తింపు ఎక్కడుంటుంది

ఫ్యాక్టరీలో తయారైన సైనిక విమానానికి రెండు గుర్తింపులు వస్తాయి. తయారు చేసినవాళ్లు ఇచ్చే నిర్మాణ సంఖ్య ఒకటి, వాయుసేన ఇచ్చే సీరియల్ నంబరు ఇంకొకటి. నిర్మాణ సంఖ్యను చిన్న లోహపు రేకు మీద కొట్టి, విమానం లోపల రివెట్లతో బిగిస్తారు. దాన్ని డేటా ప్లేట్ అంటారు. బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌లో అది ఇంజను వెనకనుండే అడ్డగోడ దగ్గర ఉంటుంది. సీరియల్ నంబరును బయట రంగుతో రాస్తారు. విమానం కొలువులో ఉన్నంతకాలం ఈ రెంటినీ కలిపి ఉంచేది కాగితం.

ఆ కాగితం పని ఎలా ఉంటుందో చెబుతాను. ఇంజను, చక్రం కాలు, పంపు, ఏది మార్చినా మేం రెండు గడులు నింపేవాళ్లం. ‘ఆఫ్’ అనే గడిలో విప్పిన భాగం నంబరు, ‘ఆన్’ అనే గడిలో బిగించిన భాగం నంబరు. ఆ పక్కన ఎన్ని గంటలు ఎగిరింది, ఎందుకు మార్చాం, చివర సంతకం. వాయుసేనలో ఇదే పని ఫారం 700 అనే పుస్తకంలో జరుగుతుంది. బ్రిటిష్ వాయుసేన పద్ధతి అది, మన వాయుసేనకూ అక్కడినుంచే వచ్చింది. భూమి కొనేవాళ్లు ఒక్క పట్టా చూసి ఊరుకోరు, లింకు డాక్యుమెంట్లన్నీ అడుగుతారు కదా, విమానానికి ఈ పుస్తకాలే లింకు డాక్యుమెంట్లు. విమానాన్ని కొలువు నుంచి తప్పించి మ్యూజియానికి పంపేటప్పుడు మొదట విడిపోయేవి కూడా ఇవే. విమానం లారీ ఎక్కుతుంది, పుస్తకాలు ఏదో బీరువాలో మిగిలిపోతాయి.

పుస్తకాలు పోయాక గుర్తింపు వెతకాలంటే విమానాన్నే చదవాలి. ముందు నంబరు ఏ దేశం పద్ధతిలో ఉందో చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ నంబరుకు ఒక అక్షరం, నాలుగు అంకెలు. 1940 తర్వాత రెండక్షరాలు, మూడంకెలు. శత్రువుకు మొత్తం లెక్క తెలియకూడదని ఆ వరుసలో కావాలనే ఖాళీలు వదిలేవాళ్లు. అమెరికన్ నంబరులో మొదటి రెండంకెలు ఆర్డరిచ్చిన ఆర్థిక సంవత్సరాన్ని చెబుతాయి. మన వాయుసేనలో మొదటి అక్షరాలు విమానం రకాన్ని పట్టిస్తాయి. హెచ్‌ఇ అంటే లిబరేటర్ బాంబర్, ఐఇ అంటే నాట్.

ఆ తర్వాత భాగాల మీది నంబర్లు. స్పిట్‌ఫైర్ భాగాల నంబర్లు ఆ భాగాన్ని మొదట ఏ రకం కోసం గీశారో ఆ సంఖ్యతో మొదలవుతాయి. తొలి స్పిట్‌ఫైర్ భాగానికి 300, ఐదో రకానికి 349, తొమ్మిదో రకానికి 361. తొమ్మిదో రకం విమానంలో 300తో మొదలయ్యే భాగం కనబడితే గాబరా పడనక్కర్లేదు, పాత నమూనాలోని భాగాన్నే మార్పు లేకుండా వాడారన్నమాట. మొదటి రకం విమానమని చెప్పినదాంట్లో 361తో మొదలయ్యే భాగం కనబడితే మాత్రం ఆగి ఆలోచించాలి. అది తర్వాత వచ్చి చేరింది.

ఇంకొకటి హ్యాంగర్‌లో పనిచేసినవాళ్లకే తెలుస్తుంది. విప్పి బిగించే ప్రతి ప్యానెల్ లోపలి వైపున విమానం నంబరులోని చివరి అంకెలు రాసి ఉంటాయి. నాలుగైదు విమానాలు ఒకేసారి విప్పి ఉన్నప్పుడు ప్యానెళ్లు కలిసిపోకుండా ఆ జాగ్రత్త. బయట ఎన్నిసార్లు రంగు వేసినా ఈ లోపలి రాతల జోలికి ఎవరూ పోరు. అందుకే పాత విమానం దగ్గర నేను బయటి రంగు చూడను. ప్యానెల్ విప్పనిస్తారా అని అడుగుతాను.

కాశీలో దొరికిన హరికేన్

విమానాన్ని చదివితే ఏం బయటపడుతుందో చెప్పడానికి మన దేశంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. పీటర్ వేచర్ అనే ఆంగ్లేయుడు పాత రోల్స్‌రాయిస్ కార్ల మీద ఇష్టంతో 1982లో మన దేశానికి వచ్చాడు. వారణాసిలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయనకు ఒక హాకర్ హరికేన్ యుద్ధవిమానం కనబడింది. ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠం చెప్పడానికి 1947లో ఇచ్చిన విమానం అది. ఎండకూ వానకూ అలాగే నిలబడి ఉంది. ఆయన ఆ తర్వాత దాని నంబరు తెలుసుకుని బ్రిటన్‌లోని రికార్డులతో సరిచూశాడు. నంబరు ఆర్4118.

ఆ రికార్డుల్లో దాని కథంతా ఉంది. 1940లో గ్లాస్టర్ కంపెనీ తయారు చేసిన విమానం. ఆ ఏడాదే బ్రిటన్ ఆకాశంలో జరిగిన పోరులో 605వ స్క్వాడ్రన్‌తో లండన్ దక్షిణాన క్రాయిడన్ నుంచి ఎగిరింది. ఆ పోరులో అది 49 సార్లు యుద్ధానికి వెళ్లింది. యుద్ధం మధ్యలో శిక్షణ అవసరాలకని దాన్ని భారతదేశానికి పంపారు. ఆ పోరులో ఎగిరిన హరికేన్లలో ఈనాటికి మిగిలినవి చాలా తక్కువ. వాటిలో ఒకటి కాశీలో కాలేజీ పెరట్లో ఉందన్న సంగతి ఎవరికీ తెలియదు.

వేచర్ ఏళ్ల తరబడి అనుమతుల కోసం తిరిగి, చివరికి 2001లో దాన్ని ఇంగ్లండ్ తీసుకెళ్లాడు. 2004 డిసెంబరులో అది మళ్లీ ఎగిరింది. 1940లో ఆ విమానంతోనే యుద్ధం చేసిన పైలట్ బాబ్ ఫాస్టర్ అప్పటికి బతికే ఉన్నారు. తన విమానాన్ని మళ్లీ కళ్లారా చూసుకున్నారు. నంబరు సరిచూడకపోతే ఆయన ముందు నిలబడేది ఏదో ఒక హరికేన్. సరిచూశారు కాబట్టి నిలబడింది ఆయన హరికేన్. వెతుకులాట విలువ ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆర్4118 గుర్తింపు నిలిచింది దాన్ని ఎవరూ ముట్టుకోనందుకే. ఎవరైనా శ్రద్ధగా గీకి, రంగు వేసి, కొత్త భాగాలు బిగించి ఉంటే ఏళ్లు గడిచాక అది నోరులేనిదయ్యేది.

నిజాం కానుక

ఇప్పుడు మన కథకు వద్దాం. బ్రిటిష్ వాయుసేన మ్యూజియంలో డి.హెచ్.9ఏ అనే రెండు అంతస్తుల రెక్కలున్న బాంబర్ ఉంది. నంబరు ఎఫ్1010. పిల్లల దగ్గరికి లండన్ వెళ్లినప్పుడు నేను చూడాలని పట్టుబట్టి చూసిన విమానం అది. మొండెం మీద నిజాం పేరు, హైదరాబాద్ పేరు రాసి ఉన్నాయి. దాని ముందు నిలబడ్డవాళ్లలో ఆ పేరు దగ్గర ఆగినవాడు నాకు కనబడలేదు. నేను మాత్రం అక్కడినుంచి కదల్లేకపోయాను.

మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు మొదట వచ్చిన డి.హెచ్.9ఏ విమానాలు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కానుక. ప్రతి విమానం మీదా ఆ సంగతి రాశారు. స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు స్థిరపడింది. ఈ రకం విమానంతో యుద్ధానికి దిగిన మొట్టమొదటి స్క్వాడ్రన్ కూడా అదే. అమెరికాలో తయారైన 400 అశ్వశక్తి లిబర్టీ ఇంజను, ముందు పైలట్, వెనక తుపాకీతో పరిశీలకుడు. 1918 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని బెటాన్‌కూర్ నుంచి పగటిపూట జర్మనీ లోపలికి వెళ్లి బాంబులు వేసి రావడం వాళ్ల పని. చాలా దూరం, చాలా నష్టం.

ఎఫ్1010ను ఇంగ్లండ్‌లోని వెస్ట్‌లాండ్ కంపెనీ తయారు చేసింది. 1918 అక్టోబరు 5న అది కెప్టెన్ ఇంగ్లిస్, సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీలతో దాడికి వెళ్లి తిరిగి రాలేదు. ఇద్దరూ ప్రాణాలతో జర్మన్లకు చిక్కారు, విమానమూ చిక్కింది. యుద్ధం ఇంకో ఐదు వారాల్లో ముగిసింది. విమానాన్ని జర్మన్లు యుద్ధ చిహ్నంగా ఉంచుకున్నారు. 1936లో బెర్లిన్‌లో తెరిచిన పెద్ద విమాన మ్యూజియంలో అది ఉండేది.

అక్కడినుంచి దాని ప్రయాణం చూడండి. 1943 నవంబరులో బ్రిటిష్ బాంబర్లు బెర్లిన్ మీద దాడి చేసినప్పుడు ఆ మ్యూజియం చాలావరకు ధ్వంసమైంది. మిగిలిన విమానాల్లో కొన్నిటిని తూర్పుకు, ఇప్పటి పోలండ్ నేల మీదికి తరలించారు. యుద్ధం ముగిశాక అవి పోలండ్‌వాళ్లకు దొరికాయి. ఆ సంపదే తర్వాత క్రాకో నగరంలో పాత విమానాశ్రయంలో వెలసిన పోలిష్ విమానయాన మ్యూజియానికి చేరింది. ఈనాటికీ అక్కడ జర్మన్ విన్యాసకారుడు ఎర్న్‌స్ట్ ఉడెట్ నడిపిన కర్టిస్ హాక్ ఉంది. 1939 ఏప్రిల్‌లో గంటకు 755 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు సృష్టించిన మెసర్‌స్మిట్ 209 మొండెం ఉంది. ఆ గుంపులోనే హైదరాబాద్ విమానం కూడా ఉండేది, రెక్కలు పోగొట్టుకుని, మొండెంగా మిగిలి.

1977లో బ్రిటన్, పోలండ్ మ్యూజియాలు మార్పిడి చేసుకున్నాయి. పోలండ్‌కు ఎస్ఎం411 నంబరు గల స్పిట్‌ఫైర్ వెళ్లింది, బ్రిటన్‌కు ఎఫ్1010 వచ్చింది. రెక్కలు కొత్తగా చేసి, ఏళ్లపాటు బాగుచేసి, 1980లలో ప్రదర్శనకు పెట్టారు. క్రాకో చేరిన స్పిట్‌ఫైర్‌కు యుద్ధంలో బ్రిటన్ పక్షాన పోరాడిన పోలిష్ పైలట్ల స్క్వాడ్రన్ రంగులు వేశారు. వాళ్ల పైలట్ల త్యాగాన్ని వాళ్లు గౌరవించుకోవడంలో న్యాయముంది. కానీ ఆ రంగు వెనక ఉన్న విమానం వేరన్నది గుర్తుంచుకోవాలి.

నేను దీన్నుంచి నేర్చుకున్నది ఏమిటంటే, శత్రువు చేతిలో పడ్డ విమానం గుర్తింపు బాగా నిలుస్తుంది. పట్టుకున్నవాడికి అదే సాక్ష్యం, అందుకే పేరూ నంబరూ చెరపడు. 1965 సెప్టెంబరు 3న పాకిస్తాన్‌లోని పస్రూర్ రన్‌వే మీద దిగి చిక్కిన మన నాట్ విమానం ఐఇ1083 ఈనాటికీ కరాచీ మ్యూజియంలో ఉంది. దాని గుర్తింపు మీద ఎవరికీ అనుమానం లేదు. అదే మన చేతుల్లో, మన ప్రేమలో ఉన్న విమానాలకు ఆ భరోసా తక్కువ.

కాన్పూర్ తుక్కు నుంచి దేశదేశాలకు

ఆ మాటకు సాక్ష్యం మన వాయుసేన లిబరేటర్లు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కాన్పూర్‌లో అమెరికన్ తయారీ బి-24 లిబరేటర్ బాంబర్లు పదుల సంఖ్యలో ఆగిపోయాయి. అమెరికా వాటిని బ్రిటన్‌కు అరువు ఒప్పందం కింద ఇచ్చింది. పని అయ్యాక తిరిగి ఇవ్వాలి, లేదా ఎవరికీ పనికిరాకుండా చేయాలి. బ్రిటిష్‌వాళ్లు రెండోదే చేశారు. ఇంజన్లలో ఇసుక పోశారు, విమానాలను విరగ్గొట్టి వదిలేశారు.

స్వతంత్ర భారతానికి దూరం ఎగిరే బాంబర్లు కావాలి. 1948లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ మనుషులు కాన్పూర్ వెళ్లి ఆ తుక్కులో పనికొచ్చే విమానాలను ఏరారు. ఒకదాంట్లోంచి భాగాలు తీసి మరోదానికి బిగించి, బెంగళూరు చేరేంత మాత్రం ఎగిరేలా చేశారు. ఆ కంపెనీ టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని బెంగళూరుకు నడిపారు. అటువంటి విమానాన్ని అంత దూరం నడపడానికి ఎంత గుండె ధైర్యం కావాలో మరమ్మతు పని తెలిసిన ఎవరినడిగినా చెబుతారు. బెంగళూరులో వాటిని పూర్తిగా బాగుచేశారు. అలా దాదాపు నలభై విమానాలు లేచి నిలిచాయి. 1948 నవంబరులో 5వ స్క్వాడ్రన్ వాటితో మొదలైంది. 1968 దాకా అవి మన కొలువులో ఉన్నాయి. ప్రపంచంలో లిబరేటర్‌ను యుద్ధ దళంలో చివరిదాకా నడిపినవాళ్లలో మనం ఉన్నాం.

అమెరికా ఈ రకాన్ని 18,000కు పైగా తయారు చేసి, యుద్ధం ముగియగానే దాదాపు అన్నిటినీ కరిగించేసింది. అందుకే 1960ల చివరికి ప్రపంచ మ్యూజియాలన్నీ లిబరేటర్ కోసం మనవైపు చూశాయి. ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియంలో హెచ్‌ఇ924 ఉంది. కెనడాకు ఒకటి వెళ్లింది, బదులుగా మనకు లైసాండర్ అనే విమానం వచ్చింది. అరిజోనాలోని పీమా మ్యూజియానికి ఒకటి వెళ్లింది. 1974లో బ్రిటిష్ వాయుసేన మ్యూజియానికి ఒకటి ఎగిరి వెళ్లింది. మన దగ్గర దాని నంబరు హెచ్‌ఇ807, అంతకు ముందు బ్రిటిష్ నంబరు కెఎన్751, ఫ్యాక్టరీలో అమెరికన్ నంబరు 44-50206. ఒకే విమానానికి మూడు జన్మలు, మూడు నంబర్లు. ఈ మూడింటినీ ఒక వరుసలో కూర్చడమే గుర్తింపు వెతికేవాళ్ల పని.

ఇంకో విమానం ఉంది, హెచ్‌ఇ771. టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో 1944లో తయారైంది, అమెరికన్ నంబరు 44-44052, బ్రిటిష్ నంబరు కెహెచ్191. మన వాయుసేన వదిలాక 1980లలో ఒక బ్రిటిష్ సేకర్త దాన్ని కొని విదేశానికి తరలించాడు. ఆయన దగ్గర అమెరికాలోని కాలింగ్స్ ఫౌండేషన్ కొని బాగుచేయించింది. 1989లో అది మళ్లీ ఎగిరింది. మొదట దాని మీద ఆల్ అమెరికన్ అనే పేరు, తర్వాత ద డ్రాగన్ అండ్ హిజ్ టెయిల్, ఆ తర్వాత విచ్‌క్రాఫ్ట్. మూడూ యుద్ధంలో వేరువేరు అమెరికన్ దళాల్లో ఎగిరిన వేరువేరు లిబరేటర్ల పేర్లు. ఈ విమానం అమెరికన్ దళంలో యుద్ధం చేయలేదు. దాని సైనిక జీవితంలో ఎక్కువ భాగం మన వాయుసేన గుర్తుతోనే గడిచింది.

అక్కడివాళ్లు చనిపోయిన తమ సైనికుల జ్ఞాపకార్థమే ఆ పేర్లు రాశారు. ఆ విమానం చూసి కన్నీళ్లు పెట్టుకున్న వృద్ధ సైనికులు ఎందరో. ఆ గౌరవం మీద నాకు పేచీ లేదు. నేనడిగేది ఒక్కటే. కాన్పూర్ తుక్కులోంచి దాన్ని లేపిన మన ఫిట్టర్ల చేతులు, ఇరవై ఏళ్లు దాన్ని నడిపిన మన పైలట్లు ఆ విమానం మొండెం మీద ఎక్కడా కనబడకపోతే అది కథలో సగమే అవుతుంది. వాళ్లు లేకపోతే ఆ రంగు వేయడానికి విమానమే మిగిలేది కాదు.

రంగు ఎవరి కోసం

మ్యూజియానికి ఒక ఇబ్బంది ఉంది, దాన్ని అర్థం చేసుకోవాలి. ప్రజలు చూడాలనుకున్న విమానం దొరకదు, దొరికిన విమానానికి ప్రజలు గుర్తుపట్టే చరిత్ర ఉండదు. పాలంలోని లైసాండర్‌నే తీసుకోండి. 1942లో బర్మాలో మన ఒకటో స్క్వాడ్రన్ కె.కె.మజుందార్ నాయకత్వంలో లైసాండర్లతో జపాన్ సేనల మీద దాడులు చేసింది. మన వాయుసేన చరిత్రలో అది మొదటి గర్వకారణాల్లో ఒకటి. ఆనాటి విమానాలేవీ మిగల్లేదు కాబట్టి కెనడా నుంచి వచ్చిన విమానం వాటి స్థానంలో నిలబడింది. స్థానంలో నిలబడటం తప్పు కాదు. కానీ స్థానంలో నిలబడిందని బోర్డు మీద ఉండాలి.

దీనికి భిన్నమైన దారి కూడా ఉంది. బ్రిటిష్ వాయుసేన మ్యూజియంలో డబ్ల్యు1048 నంబరు గల హాలిఫాక్స్ బాంబర్ ఉంది. 1942 ఏప్రిల్‌లో నార్వేలో దాగిన జర్మన్ యుద్ధనౌక టిర్పిట్జ్ మీద దాడికి వెళ్లి, దెబ్బతిని, గడ్డకట్టిన సరస్సు మీద దిగి, మంచు కరిగాక నీళ్లలో మునిగింది. 1973లో దాన్ని పైకి తీశారు. పూర్తిగా మెరుగులు దిద్దకుండా, చాలావరకు నీళ్లలోంచి వచ్చినట్టే ఉంచారు. తళతళలాడే విమానాల మధ్య అది తుప్పుతో పడి ఉంటుంది. అది నిజంగా డబ్ల్యు1048. చూసేవాళ్లకు అబద్ధం ఒక్కటి కూడా చెప్పదు.

అన్నిటినీ అలా ఉంచమని నేను అనను. మన ఎండలకు, మన వానలకు రంగు వేయకపోతే విమానం నిలవదు. రంగు వేయండి, వేసే ముందు రాసుకోండి. పాత రంగు పొరలను మెత్తగా తడిపి రుద్దితే కింద పాత నంబర్లు, పాత గుర్తులు బయటపడతాయి. వాటిని ఫొటో తీయాలి, కొలతలు రాయాలి. గీకి పారేశాక ఆ పొర మళ్లీ రాదు.

మన ఊరి విమానం

మన రెండు రాష్ట్రాల్లోనూ కాలేజీల ముందు, పార్కుల్లో, కూడళ్లలో కొలువు ముగిసిన సైనిక విమానాలు నిలబడి ఉన్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కల ఒక కాలేజీలో పెట్టిన శిక్షణ విమానాన్ని చూడటానికి వెళ్లాను. తోక మీద కొత్తగా వేసిన నంబరు తళతళలాడుతోంది. వాయుసేనలో వారెంట్ ఆఫీసర్‌గా చేసి రిటైరైన మిత్రుడు నా వెంట వచ్చారు. ఆయన నంబరు వంక చూడనే లేదు. వంగి చక్రం గూటిలోకి టార్చి వేశారు.

“సార్, ఇటు రండి. ఈ ప్యానెల్ లోపల ఏం రాసుందో చదవండి.”

చదివాను. తోక మీది నంబరు కాదు.

“అవతలి వైపుది కూడా చూడండి. రెండూ ఒకటే చెబుతున్నాయంటే అదే దీని నంబరు. ప్లేటు కూడా దొరికితే ఇక సందేహం లేదు.”

ప్లేటు దొరికింది, అది కూడా ఆ ప్యానెళ్ల పక్షానే మాట్లాడింది. కాలేజీవాళ్ల తప్పేమీ లేదు. రంగు వెలిసిపోయిందని వేయించారు, పాత నంబరు అప్పటికే చెరిగిపోయింది, పెయింటరు ఎక్కడో చూసిన నంబరు రాశాడు. మేం చూసినదంతా రాసి, ఫొటోలతో ప్రిన్సిపాల్ గారికి ఇచ్చాం. ఆయన దాన్ని బోర్డు మీద పెట్టించారు. ఆ విమానం మీద శిక్షణ పొందిన పైలట్ ఎవరైనా తన లాగ్‌బుక్ పట్టుకుని అక్కడికి వస్తే, ఇప్పుడు తన విమానాన్ని గుర్తుపట్టగలడు.

ఈ పని ఎవరైనా చేయవచ్చు. చేసే పద్ధతి ఇదీ. బాధ్యుల అనుమతి తీసుకోండి. తోక, రెక్కలు, ముక్కు మీద ఉన్న నంబర్లన్నీ ఫొటో తీయండి, ఆ తేదీ రాయండి. కాక్‌పిట్, చక్రాల గూళ్లు, ప్యానెళ్ల లోపలి వైపు చూసి, దొరికిన ప్రతి అంకెనూ ఏ భాగం మీద ఉందో దానితో పాటు రాసుకోండి. ఒక్క భాగాన్ని నమ్మి తీర్పు చెప్పొద్దు, పది భాగాలు ఏమంటున్నాయో చూడండి. రెక్క వేరే విమానానిదైతే అది కూడా చరిత్రే, దాన్నీ రాయండి. సంస్థ దగ్గర విమానాన్ని అప్పగించిన కాగితం ఉంటుంది, దాన్ని అడిగి చదవండి. అన్నిటికంటే ముందు, మీ వీధిలో రిటైరైన వాయుసేన మనిషి ఉంటే ఆయన దగ్గరికి వెళ్లండి. కాగితం ఆగగలదు, ఆయన వయసు ఆగదు.

రికార్డు గట్టిగా ఉన్నప్పుడు పని ఎంత సులువో విశాఖ చూపిస్తోంది. బీచ్ రోడ్డులో నిలబెట్టిన టీయూ-142 నౌకాదళ విమానం 1988లో మన కొలువులో చేరిన దళానికి చెందింది. ఆ దళం 29 ఏళ్లు పనిచేసి 2017 మార్చిలో అరక్కోణంలో వీడ్కోలు తీసుకుంది. ఆ తర్వాత ఆ విమానం తానే ఎగిరి విశాఖ వచ్చింది. విడదీసి, బీచ్ రోడ్డు మీద మళ్లీ కూర్చి, అదే ఏడాది డిసెంబరులో మ్యూజియంగా తెరిచారు. దాన్ని నడిపినవాళ్లు, బాగుచేసినవాళ్లు ఎందరో ఆ ఊళ్లోనే ఉన్నారు. ఇప్పుడు వాళ్ల మాటలు రికార్డు చేసుకుంటే యాభై ఏళ్ల తర్వాత ఎవరూ వెతుక్కోనక్కర్లేదు.

చివరిగా, హైదరాబాద్ పెద్దలకు ఒక విన్నపం. మన పేరు 110వ స్క్వాడ్రన్‌తో ఆగలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లు కూడా హైదరాబాద్ పేరు మోశాయి. 79, 234 స్క్వాడ్రన్లు మద్రాస్ ప్రెసిడెన్సీ పేరు మోశాయి. అప్పటి ప్రెసిడెన్సీలో కోస్తా, రాయలసీమ కూడా ఉన్నాయి. నిజాం ఖజానా అంటే చివరికి రైతు కట్టిన శిస్తే. అంటే ఎఫ్1010లో మన పల్లెల చెమట ఉంది. ఆ యుద్ధం ఎవరిదన్న చర్చ చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. కానీ ఆ చర్చ మొదలు కావాలంటే అసలు సంగతి మన పిల్లలకు తెలియాలి. మన మ్యూజియంలో ఒక గోడ మీద ఎఫ్1010 ఫొటో పెట్టండి. దాని నంబరు, దానితో చిక్కిన ఇద్దరి పేర్లు, అది తిరిగిన బెర్లిన్, క్రాకో, లండన్ దారి రాయండి. కింద తెలుగులో, ఉర్దూలో, అందరికీ అర్థమయ్యే మాటల్లో, దానికి డబ్బు ఎక్కడినుంచి వెళ్లిందో కూడా రాయండి. విమానాన్ని తెచ్చుకోలేం, దాని నిజాన్ని తెచ్చుకోవడానికి మాత్రం మనకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.